రాత్రి రెండింటి బేరాలు

ఫిషింగ్ హార్బర్ దగ్గర ఎండు చేపల దుకాణానికి వెబ్‌సైటు పెట్టించి నెల తిరక్కుండానే మావయ్యకు యాక్సెస్ లాగ్, అంటే సైటుకి ఎవరెవరొచ్చారో సర్వరు రాసుకునే చిట్టా, చదివే అలవాటు పట్టుకుంది. ఇది పేపర్లో రాశిఫలాలు చదవడం కన్నా ప్రమాదం. రాశిఫలాలు కనీసం తెలుగులో ఉంటాయి.

"అల్లుడూ, రాత్రి రెండింటికి రెండొందల మందొచ్చార్రా! ఒక్క బేరమూ తెగలేదేటి?"

సైటు చూసే మేనల్లుడు రుషికొండలో ఉద్యోగం. ఆ లాగ్ ఫోటో తెప్పించుకుని చూశాడు. టైము పక్కన +0000 అని ఉంది. అంటే అది లండన్ వైపు లెక్క, మనం అయిదున్నర గంటలు కలుపుకోవాలి. "రాత్రి రెండు కాదు మావా, పొద్దున ఏడున్నర."

ఇక ఆ రెండొందల మంది. ప్రతి లైన్లోనూ ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు, ఏం అడిగారు, సర్వరు ఏం జవాబిచ్చింది, ఎన్ని బైట్లు పంపింది, ఏ బ్రౌజరునని చెప్పుకున్నారు అన్నవన్నీ వరసగా ఉంటాయి. మావయ్య మొదటిది చూసి మురిసిపోయాడు. చూడాల్సింది జవాబు. అన్నీ 404లే, అంటే 'అడిగింది ఇక్కడ లేదు' అని. అడిగినవేమో వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) లాగిన్ పేజీ, పాస్‌వర్డులు దాచుకునే డాట్ ఈఎన్‌వీ ఫైలు, డేటాబేసు నడిపే పీహెచ్‌పీ మై అడ్మిన్. సైటులో వర్డ్‌ప్రెస్సే లేదు. నెత్తళ్లు అడిగినోడు ఒక్కడూ లేడు.

"వీళ్లు మనుషులు కారు మావా, ప్రోగ్రాములు. చేపల బుట్టల చుట్టూ పిల్లులు తిరగవా? ఏ మూత తెరిచుందా అని ఊరంతా చూసుకుంటూ పోతాయి."

404 అయితే మూత బిగించి ఉన్నట్టే. డాట్ ఈఎన్‌వీకి 200, అంటే 'ఇదిగో తీసుకో' అని వస్తే మాత్రం నవ్వులాట కాదు. ముందు బైట్లు చూడాలి. కొన్ని సైట్లు ఏది అడిగినా హోం పేజీనే ఇస్తాయి, అప్పుడు బైట్లు హోం పేజీవే ఉంటాయి. తేడాగా ఉంటే ఆ అడ్రసు మనమే బ్రౌజర్లో కొట్టి చూడాలి. పాస్‌వర్డులు కనబడ్డాయా, ఫైలు తీసెయ్యడం ఒక్కటే చాలదు, డేటాబేసు దగ్గర్నుంచి అన్నీ మార్చాలి.

మర్నాడు ఇంకో ఫోను. "బాంబు లాంటిదేదో పెట్టార్రా. అడ్డగీత ఎక్స్16, అడ్డగీత ఎక్స్03..."

అదీ బాంబు కాదు. తాళం లేని మాటలకి పెట్టిన 80వ పోర్టుకొచ్చి (పోర్టంటే సర్వరు గుమ్మం) ఎవరో హెచ్‌టీటీపీఎస్, అంటే తాళం వేసిన మాటల పలకరింపు మొదలెట్టారు. పోస్టుకార్డులు తీసుకునే కిటికీలో సీలు వేసిన కవరు దూర్చినట్టు. సర్వరుకి అర్థం కాక 400, అంటే 'నీ మాట తప్పు' అని కొట్టి పంపేసింది. 'ఎంఎస్‌టీఎస్ హ్యాష్' అని కనబడితే వాడు దూరం నుంచి కంప్యూటరు నడిపే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వెతుక్కుంటూ దారి తప్పినోడు. వాడికీ 400 పడితే చాలు.

"మరి ఇంటర్నల్ డమ్మీ కనెక్షన్ అట, ఈ డమ్మీగాడెవుడు? రోజూ వత్తన్నాడు."

"అపాచీ మావా, మన సర్వరే. ఊరికే కూర్చున్న తన పిల్ల ప్రాసెస్‌లను తనే తట్టి లేపుతుంది. అడ్రసు చూడు, సొంత మెషీన్‌దే."

ఇక్కడితో ఆగితే బాగుండేది. గురువారం మేనల్లుడు సైటు ముందు ఒక ప్రాక్సీ, అంటే వచ్చేవాళ్ల మాట అందుకుని సర్వరుకి చేరవేసే మధ్యవర్తి మెషీన్ పెట్టాడు, బరువు తగ్గుతుందని. అప్పట్నుంచి అందరూ ప్రాక్సీ గుండానే వస్తారు కాబట్టి లాగ్‌లో బయటివాళ్ల ప్రతి లైనుకీ ప్రాక్సీ నంబరే (ఐపీ అడ్రసు). మావయ్యకి మాత్రం వేరే కథ కనబడింది: గురువారం నుంచి రెండొందల మందీ మాయం, ఎవడో ఒక్కడు పొద్దస్తమానం గుమ్మం దగ్గరే కాపలా కాసి అందర్నీ తరిమేశాడు! ఆదివారం దుకాణంలో కుర్రాడి చేత ఆ నంబరుని ఫైర్‌వాల్‌లో (సర్వరు ముందు కాపలా గేటు) లోపలికి రాకుండా కట్టించేశాడు.

లాగ్ నిశ్శబ్దమైపోయింది. "చూశావా, దెబ్బకి ఒక్కడూ లేడు!" నిజమే, కొనేవాళ్లతో సహా. వాళ్లకి చాలాసేపు తిరిగి తిరిగి 504, అంటే 'వెనకున్న సర్వరు పలకలేదు' అని కనబడుతోంది. ఆ 504 ఇచ్చేది ప్రాక్సీ కాబట్టి మన లాగ్‌లో ఆ ఊసే ఉండదు. లాగ్‌లో మిగిలింది డమ్మీగాడొక్కడే.

నంబరు కట్టే ముందు అదెవరిదో 'హోస్ట్' కమాండుతో, నంబరు నుంచి పేరుకి, వెనక్కి వెతకాలి. గూగుల్ కోసం సైట్లన్నీ తిరిగే గూగుల్‌బాట్‌నని చెప్పుకునేవాడినీ అలాగే చూడాలి, వచ్చిన పేరుని మళ్లీ నంబరుకి తిప్పి రెండూ కలుస్తున్నాయా అని. బ్రౌజరు పేరు ఎవడైనా రాసుకోవచ్చు.

సోమవారం మేనల్లుడు కట్టు విప్పాడు. అపాచీలో రిమోట్ ఐపీ అనే అదనపు మాడ్యూల్ పెట్టి, అసలు వచ్చినవాడి అడ్రసుని హెడర్‌లో (కోరిక మీద రాసే చీటీ) ప్రాక్సీ రాసి పంపితేనే నమ్మమన్నాడు. వేరేవాడు అదే హెడర్ పంపితే అబద్ధం కావచ్చు. ఇంత చేసినా లాగ్‌లో పాత నంబరే! లైన్లో ఏమేం రాయాలో చెప్పే లాగ్ ఫార్మాట్‌లో పర్సెంట్ హెచ్ ఉంది, ఈ పాత అపాచీలో అది ప్రాక్సీ నంబరే రాస్తుంది, దాన్ని పర్సెంట్ ఏ చెయ్యాలి. అది మార్చి రీలోడ్ చేశాక మొదటి లైను పడింది. కొత్త నంబరు, వర్డ్‌ప్రెస్ లాగిన్, 404.

"వచ్చీసేడ్రా!" అన్నాడు మావయ్య, తప్పిపోయిన మనిషి ఇంటికొచ్చినట్టు.