సేజ్‌బ్రష్‌ను కాలకముందే కాపాడాలి

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఏటా సగటున 13 లక్షల ఎకరాల సేజ్‌బ్రష్ అనే పొదల మైదానం చెడిపోతోందని అక్కడి ప్రభుత్వ శాస్త్రవేత్తలే 2022లో తేల్చారు. ఈ పొదలనే నమ్ముకుని బతికే సేజ్ గ్రౌస్ పక్షికి, అంతరించే ప్రమాదమున్న జీవులకిచ్చే చట్టపరమైన రక్షణ అక్కర్లేదని 2015లో అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది, దానిపై గొడవ రేగింది. నిధులు ఎక్కడ పెట్టాలన్నదే ఇప్పుడు తేలాలి. కాలిన నేలమీద విత్తనాలు చల్లేకంటే ముందు, మిగిలిన మంచి నేలను కాపాడాలి.

‘పెద్ద సేజ్‌బ్రష్’ రకం పొద కాలితే మొదలు నుంచి మళ్లీ చిగురించదు. దాని విత్తనాలు తల్లిమొక్కకు కొద్ది మీటర్ల దూరంలోనే రాలతాయి, నేలలో ఎక్కువకాలం నిలవవు. ఆ ఖాళీలోకి యురేషియా నుంచి వచ్చిన చీట్‌గ్రాస్ అనే కలుపు గడ్డి దూరుతుంది. ఇది వేసవి మొదట్లోనే ఎండి మరో మంటను పిలుస్తుంది. దశాబ్దాలకు ఒకసారి వచ్చే మంట కొన్నిచోట్ల ఐదేళ్లలోపే తిరిగొస్తోంది. 2018లో నెవాడాలో మార్టిన్ ఫైర్ అనే కార్చిచ్చు ఒక్కటే 4 లక్షల ఎకరాలకు పైగా బూడిద చేసింది. శీతకాలమంతా దాదాపు సేజ్‌బ్రష్ ఆకులే తిని బతికే సేజ్ గ్రౌస్‌కు అక్కడ ఏం మిగిలింది? ఈ పొద వేర్లు లోతునుంచి తేమను లాగి రాత్రిళ్లు పైమట్టికి అందిస్తాయి. అలాంటి మొక్కను నర్సరీలో పెంచి నాటితే ఆ మైదానం తిరిగొస్తుందని నమ్మడం ఆత్మవంచన.

వసంతంలో పశువులను మేపితే చీట్‌గ్రాస్ తగ్గుతుందని పెంపకందారులు అంటారు. మంటలను అడ్డుకునే పట్టీల వెంట అది పనిచేస్తుంది. కానీ 19వ శతాబ్దం చివర్లో మితిమీరిన మేతే స్థానిక గడ్డి దుబ్బులను నాశనం చేసి ఆ కలుపుకు దారి తెరిచింది. 1934లో ప్రభుత్వ భూముల్లో మేతను నియంత్రించే టేలర్ గ్రేజింగ్ చట్టం అవసరమైంది కూడా ఆ దోపిడీ వల్లే.

చెట్లు లేని నేలను ఖాళీ నేలగా చూడటం మన ప్రభుత్వాలకూ అలవాటే. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సాయంతో తయారయ్యే బంజరు భూముల అట్లాసులో పొదలు, గడ్డి పెరిగే నేలలూ బంజర్లే! గడ్డిభూముల్లో బతికే బట్టమేక పిట్ట కోసం 1988లో, ఇప్పటి నంద్యాల జిల్లాలో రోళ్లపాడు అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. చుట్టూ ఉన్న గడ్డి బీళ్లు సాగునీటి పొలాలుగా మారుతుంటే ఆ పిట్టకు నిలువ నీడ లేకుండా పోయింది. తర్వాతి అట్లాసులో సహజ గడ్డిభూములను బంజర్ల నుంచి తప్పించి విడిగా చూపాలి. అప్పటివరకు నంద్యాల, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో అలాంటి నేలలను సోలార్ పార్కులకు కేటాయించడం ఆపాలి.