బ్రష్‌లెస్ పెట్టేముందు ప్రొపెల్లర్ సంగతి చూడండి

పాత బ్రష్డ్ మోటారు (లోపల అరిగిపోయే బ్రష్‌లున్నది) ఉన్న ఆర్‌సీ విమానాన్ని, అంటే రిమోట్‌తో ఎగరేసే బుల్లి విమానాన్ని, బ్రష్‌లెస్‌కి (బ్రష్‌లు లేని మోటారుకి) మార్చాలనుకునే ఎవరైనా ముందు అడిగేది ఒకటే: "ఎంత కేవీ మోటారు కొనాలి?" మన హైదరాబాద్‌లో ఈ హాబీలోకి కొత్తగా వస్తున్నవాళ్లలో నాకు ఎక్కువగా కనిపించేది ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలే. వాళ్లకి షాపు కౌంటర్ దగ్గరే జవాబు దొరికిపోతోంది. "2200 కేవీ తీస్కో, రాకెట్ లెక్క పోతది." ఈ సలహా మీద నాకు చాలా కోపం ఉంది. ఎందుకో వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

కేవీ అంకె మోటారు బలాన్ని చెప్పదు. లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెబుతుంది, అంతే. 11.1 వోల్టుల మూడు సెల్స్ లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) తగిలిస్తే 1000 కేవీ మోటారు పదకొండు వేల చుట్లు, 2200 కేవీ మోటారు ఇరవై నాలుగు వేల పైచిలుకు చుట్లు తిరగాలని చూస్తాయి. ప్రాప్, అంటే ప్రొపెల్లర్, బిగించాక అసలు కథ మొదలవుతుంది. ఒకే ప్రాప్‌ని రెట్టింపు వేగంతో తిప్పాలంటే రెట్టింపు పవర్ సరిపోదు, ఎనిమిది రెట్లు కావాలి. అందుకే 2200 కేవీకి 6×4 లాంటి చిన్న ప్రాప్, 1000 కేవీకి 10×4.5 లాంటి పెద్ద ప్రాప్ పెడతాం. మొదటి అంకె వ్యాసం, రెండోది పిచ్ (ఒక్క చుట్టుకి ముందుకు పోవాల్సిన దూరం), రెండూ అంగుళాల్లో.

ఈమాత్రం తెలియని షాపువాళ్లు ఉన్నారా అంటే ఉన్నారు. పోయిన చలికాలం ఒక కుర్రాడికి 2200 కేవీ మోటారు, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్), 10×4.5 ప్రాప్, మూడూ ఒకే కవర్లో పెట్టి "కాంబో" అని అమ్మారు. గ్రౌండ్‌లో థ్రాటిల్ సగం కూడా దాటలేదు, ఈఎస్‌సీ లోంచి పొగ వచ్చింది. ట్యూషన్లు చెప్పుకుని దాచిన డబ్బు అది. అడగడానికి వెళ్తే "నువ్వే వైర్లు తప్పు కలిపావ్" అన్నారట. బ్రష్‌లెస్ మోటారుకి మూడు వైర్లు ఉంటాయి, వాటిని ఎలా కలిపినా మోటారు తిరుగుతుంది. ఎటు తిరుగుతుందన్నదే తేడా. ఉల్టా తిరిగితే ఏ రెండు వైర్లయినా అటూ ఇటూ మారిస్తే చాలు. ఆ ముక్క కూడా తెలియనివాళ్లు పిల్లవాడి మీద నెపం పెట్టారు.

సరే, సరైన ప్రాప్ పెట్టారే అనుకుందాం. 2200 కేవీ, 6×4. లోడు మీద పద్దెనిమిది వేల చుట్ల దగ్గర తిరుగుతుంది. చుట్టుకి నాలుగు అంగుళాల చొప్పున లెక్క వేస్తే గాలిని గంటకి దాదాపు 110 కిలోమీటర్ల వేగంతో వెనక్కి నెడుతుంది. అదే 1000 కేవీ, 10×4.5 అయితే ఎనిమిది వేల చుట్లు, గంటకి 55 కిలోమీటర్లు. ఇప్పుడు మీ విమానం వైపు చూడండి. థర్మాకోల్‌తోనో డెప్రాన్ ఫోమ్ షీటుతోనో చేసిన, రెక్క పొడవు 1.2 మీటర్లున్న, ఏడు వందల గ్రాముల హై వింగ్ ట్రైనర్, అంటే రెక్క పైన ఉండే, నేర్చుకునేవాళ్ల విమానం. అది నెమ్మదిగా తేలడానికి పుట్టింది. దానికి 110 కోసం కట్టిన మోటారు పెడితే డైవ్‌లో ఎలివేటర్ (తోక మీద పైకీ కిందికీ కదిలే పలక) వణకడం మొదలవుతుంది, ఆ తర్వాత రెక్క మడతపడుతుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

పైగా మనకి చోటేదీ? పరేడ్ గ్రౌండ్ పక్కనే బేగంపేట విమానాశ్రయం. పైన హకీంపేట, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లు, కింద శంషాబాద్. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ తెరిస్తే నగరం చుట్టూ ఎరుపు, పసుపు వలయాలే. 2021 డ్రోన్ రూల్స్ కిందకి మన మోడల్ విమానాలు కూడా వస్తాయని చాలామందికి తెలియనే తెలియదు. ఆకుపచ్చ జోన్ వెతుక్కుంటూ చేవెళ్ల వైపో ఇబ్రహీంపట్నం దాటో పోతే, నిరుడు ఖాళీగా కనిపించిన పొలంలో ఈసారి వెంచర్ బోర్డు ఉంటుంది. హద్దురాళ్లు, ముళ్లకంచె, కరెంటు స్తంభాలు. మిగిలిన ముక్కలో దిగాలంటే నెమ్మదిగా ఎగిరే విమానమే కావాలి. వేగంగా వచ్చే విమానానికి పొడవైన నేల కావాలి, అది మన దగ్గర లేదు. ఈ నగరంలో హాబీ బతకాలంటే నెమ్మదిగా ఎగరడాన్నే గౌరవంగా చూడటం నేర్చుకోవాలి. ఈ మాట నేను చాలా గట్టిగా నమ్ముతాను.

బ్రష్‌లెస్ అసలు వరం పవర్ కాదని కూడా అందుకే అంటున్నాను. పాత 400 సైజు బ్రష్డ్ మోటారు 70 గ్రాములు తూగుతుంది. ఇచ్చిన కరెంటులో సగం దాకా వేడిగానే పోతుంది, బ్రష్‌లు అరిగిపోతూ ఉంటాయి. దాంతోపాటు వాడే ఏడు సెల్స్ నికెల్ బ్యాటరీ ప్యాక్, ఏఏ సైజు సెల్స్‌తో కట్టినా, 190 గ్రాముల దాకా ఉంటుంది. 2212 సైజు అవుట్‌రన్నర్ (బయటి డొక్క తిరిగే బ్రష్‌లెస్ మోటారు) 50 గ్రాములు. 1300 ఎంఏహెచ్ మూడు సెల్స్ లైపో 110, 120 మధ్య. ఈఎస్‌సీ కాస్త బరువు పెరిగినా మొత్తం మీద 80 గ్రాములు మిగులుతాయి. ఏడు వందల గ్రాముల విమానంలో 80 అంటే మాటలు కాదు. దిగే వేగం తగ్గుతుంది, మలుపుల్లో తడబడటం తగ్గుతుంది. ఇలాంటి విమానానికి 150 వాట్లు, అంటే 14 ఆంపియర్ల లోపు, పుష్కలంగా సరిపోతాయి. పైకి లేచాక సగం థ్రాటిల్ మీద ఐదారు ఆంపియర్లతో తిరుగుతూ పది నిమిషాలు హాయిగా ఎగరొచ్చు. అంతసేపు గాల్లో ఉంటేనే కుర్రాడు ఎగరడం నేర్చుకుంటాడు.

కాబట్టి వరస తిరగేయండి. ముందు విమానం బరువు తూచండి. తర్వాత దాని ముక్కు కింద, నేలకి తగలకుండా, ఎంత పెద్ద ప్రాప్ పడుతుందో కొలవండి. ఆ ప్రాప్‌ని మూడు సెల్స్ మీద తిప్పగల కేవీ ఎంతో అప్పుడు చూడండి. ఆ మోటారు లాగే కరెంటుకి కొంచెం పైన ఉండే ఈఎస్‌సీ తీసుకోండి. మోటారు ఎన్ని ఆంపియర్లు, వాట్లు లాగుతోందో చూపే వాట్‌మీటర్ ఒకటి కొనుక్కోండి, లేదా నలుగురు కలిసి కొనండి. కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగే ఓపిక ఉంటే ఎక్స్‌టీ60 కనెక్టర్లు, సిలికాన్ వైరు, హీట్ ష్రింక్ లాంటి చిల్లర సామాన్లు దొరుకుతాయి.

బీఈసీ గురించి ఎవరూ చెప్పరు, అందుకే నేను కాస్త ఎక్కువ చెబుతాను. చవకరకం ఈఎస్‌సీల్లో రిసీవర్‌కి (రిమోట్ సిగ్నల్ అందుకునే భాగం), సర్వోలకి (రెక్క, తోక పలకల్ని కదిపే బుల్లి మోటార్లు) 5 వోల్టులిచ్చే భాగమే బీఈసీ, చాలావాటిలో అది లీనియర్ రకం. మూడు సెల్స్ బ్యాటరీ నుంచి వచ్చే 11 వోల్టుల్లో మిగతా ఆరు వోల్టులని అది వేడిగా మారుస్తుంది. సర్వోలు ఒక ఆంపియర్ లాగితే ఆరు వాట్ల వేడి, అదీ గాలాడని ఫోమ్ పొట్టలో. మన మే నెల ఎండలో నాలుగు సర్వోల విమానానికి అది ప్రమాదమే. బాగా వేడెక్కితే బీఈసీ ఆగిపోతుంది, రిసీవర్ ఆగిపోతుంది, విమానం మీ మాట వినదు. మూడు సెల్స్ మీద నాలుగు సర్వోలు వాడేవాళ్లు విడిగా స్విచింగ్ బీఈసీ (మిగతా వోల్టుల్ని అలా వేడిగా పారేయని రకం) పెట్టుకోండి. పెట్టినప్పుడు ఈఎస్‌సీ ప్లగ్ నుంచి వచ్చే ఎర్ర వైరు తీసి టేపు చుట్టేయండి.

బరువు తగ్గిందని సంబరపడేముందు బ్యాలెన్స్ చూసుకోండి. ముక్కులోంచి బరువు తీసేశాం కాబట్టి విమానం తోక వైపు ఒరుగుతుంది. బ్యాటరీని ముందుకు జరపండి, రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో పాతిక నుంచి 33 శాతం మధ్య కింద వేళ్లు ఆనించి ఎత్తితే విమానం సమంగా నిలబడాలి. ఫైర్‌వాల్ (ముక్కులో మోటారు బిగించే పలక) మీద మోటారుని తిన్నగా బిగించేయకండి. కొంచెం కిందికి, కొంచెం కుడికి, రెండు మూడు డిగ్రీలు వంచాలి. లేకపోతే థ్రాటిల్ పెంచినప్పుడల్లా ముక్కు పైకి లేచి ఎడమకి లాగుతుంది, కుర్రాడు తన చేతులే సరిగా లేవనుకుంటాడు. ఇంట్లో టెస్ట్ చేసేటప్పుడు ప్రాప్ తీసేయండి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే, వేళ్లు పోతాయి.

పాత బ్రష్డ్ ఈఎస్‌సీకి లైపో తగిలించి ఎగరేసేవాళ్లకి ఒక మాట. నికెల్ ప్యాక్‌ల కోసం చేసిన ఆ ఈఎస్‌సీకి లైపో ఎక్కడ ఆపాలో తెలియదు. సెల్ 3 వోల్టుల కిందికి పోతే బ్యాటరీ ఉబ్బుతుంది. దాచేటప్పుడు ఒక్కో సెల్ 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. ఎండలో పార్క్ చేసిన కారులో వదలకండి. హాస్టల్ గదిలో చార్జింగ్ పెట్టి మెస్‌కి వెళ్లిపోయే తమ్ముళ్లని చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. పక్క మంచం మీద ఇంకొకడు నిద్రపోతుంటాడు కదా.

షాపులవాళ్లని నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. కాంబో అమ్మితే ఏ ప్రాప్‌కి, ఎన్ని సెల్స్‌కి ఎన్ని ఆంపియర్లు లాగుతుందో ఒక చీటీ రాసి కవర్లో పెట్టండి. కాలేజీల్లో వర్క్‌షాపులు పెట్టేవాళ్లు కూడా రెండు రోజుల్లో గ్లూ గన్‌తో అందరిచేతా ఒకే విమానం అంటించి పంపడం మానేసి, ఒక గంట వాట్‌మీటర్ ముందు కూర్చోబెట్టండి. పాత విమానం అటక మీద ఉన్నవాళ్లు బరువు, రెక్క పొడవు, ముక్కు కింద ఖాళీ ఎంతో కొలిచి రాయండి. ఏ ప్రాప్, ఏ మోటారు పడుతుందో కూర్చుని లెక్క వేసి చెబుతాను, డబ్బు ఖర్చు పెట్టడం ఆ తర్వాత.