మూడు బళ్ళు, ఒక వాగు: ఒక తులనాత్మక అధ్యయనం

మా మేనల్లుడు ఐదో తరగతి పూర్తి చేశాడు. ఆరులో ఏ బళ్ళో వేయాలన్నది ఇంట్లో పెద్ద టెన్షన్ అయింది. చుట్టుపక్కల సర్కారు బళ్ళు మూడున్నాయి. మా చెల్లెలు ఫోన్ చేసి, "అన్నయ్యా, నువ్వు పేపర్లు అవీ చదువుతావుగా, కాస్త చూసి చెప్పు" అంది. పేపరు చదివేవాడి మీద ఇంత నమ్మకం ఉంచాక నోటికొచ్చింది చెప్పేస్తే బాగుండదు. అందుకని నిజనిర్ధారణ కమిటీ వేశాను. సభ్యులు ఇద్దరు: నేను, మా బావగారి ఎక్సెల్ బండి.

కమిటీ ముందుగా చట్టం చదివింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మంది పిల్లలకి ఒక టీచరు ఉండాలి. లెక్కలు, సైన్సుకి ఒకరు, సోషల్‌కి ఒకరు, భాషలకి ఒకరు తగ్గకూడదు. ఇంటికి మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలని నిబంధనల్లో ఉంది. ఆ మూడు కిలోమీటర్లు వాగు దాటి కొలవాలా, దాటకుండా కొలవాలా అన్నది మాత్రం రాయలేదు. పిల్లల తెలివితేటలకి వదిలేసినట్టున్నారు.

మొదటి బడి హైవే పక్కనున్న జెడ్పీ హైస్కూలు. గేటు దాటగానే ఆంధ్రాలో సర్కారు బళ్ళకి మెరుగులు దిద్దిన నాడు-నేడు పథకం రంగులు, పచ్చబోర్డులు, ఫ్యాన్లు. 2019 నవంబరు 14న మొదలైన ఆ పథకం పుణ్యమా అని గోడలకి వచ్చిన కళని కమిటీ మనస్ఫూర్తిగా మెచ్చుకుంది. సబ్జెక్టుకొక మేష్టారున్నారు, హిందీ టీచరు కూడా నిజంగానే ఉన్నారు. ఇంత పుష్కలంగా టీచర్లు ఎలా కుదిరారా అని ఆశ్చర్యపోతుండగా బయట పల్లెవెలుగు హారన్ వినిపించింది. స్టాఫ్ రూములో కుర్చీలన్నీ రోడ్డు వైపే తిరిగి ఉన్నాయి. బడి వదిలే వేళకి బస్సు వస్తుందా, బస్సు వచ్చే వేళకి బడి వదులుతారా అన్నది కమిటీ ఎంత తర్జనభర్జన పడ్డా తేల్చలేకపోయింది.

రెండోది, లోపలికి మూడు కిలోమీటర్లు వెళ్తే వచ్చే అప్పర్ ప్రైమరీ, అంటే యూపీ స్కూలు. ఆటో నిండితే కదులుతుంది, లేకపోతే లేదు. బోర్డు మీద బడి పేరు చదవబోతే మూడు రకాల అక్షరాలు ఒకదాని కింద ఒకటి కనబడ్డాయి. 2022లో 117 నంబరు జీవో వచ్చి బళ్ళని ఆరు రకాలు చేసినప్పుడు యూపీ స్కూళ్ళు ప్రీ హైస్కూళ్ళయ్యాయి. 2025లో దాన్ని తీసేసి తొమ్మిది రకాలు చేశారు. పెయింటరు కూడా మనిషే కదా, పాతదాని మీదే కొట్టాడు. ఎండ ఏటవాలుగా పడితే అన్ని ప్రభుత్వాలూ కనిపిస్తాయి.

మేం వెళ్ళేసరికి భోజనాల వేళ. వంటామె గిన్నెతో కొలుస్తోంది. ప్రైమరీ పిల్లలకి తలకి వంద గ్రాముల బియ్యం, ఆరు నుంచి నూట యాభై. అంటే మా వాడు ఐదు నుంచి ఆరుకి రావడంలో ప్రభుత్వం ఖరారు చేసిన ఎదుగుదల యాభై గ్రాములన్నమాట. తక్కిన ఎదుగుదల చూడాల్సిన లెక్కల మేష్టారు డిప్యుటేషన్ మీద ఇంకో బడికి వెళ్ళారట. ఆయన బదులు తెలుగు టీచరమ్మ బీజగణితం చెబుతున్నారు. ఎక్స్ విలువ ఎంతో ఆవిడ కనుక్కోవడం పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. మొన్నటిదాకా గోరుముద్ద అన్న పేరుతో పెట్టిన బడి భోజనం ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరున నడుస్తోంది. ఎంతమంది ఆకలి తీర్చిందో ఆ మహాతల్లి. సాంబారు మాత్రం రెండు పేర్లకీ సమానంగా పలచగానే ఉంది.

మూడో బడికి వెళ్ళాలంటే వాగు దాటాలి. ఎక్సెల్ బండి అక్కడ కమిటీకి రాజీనామా చేసింది. చెప్పులు చేత్తో పట్టుకుని నేనొక్కణ్ణే దాటాను. ఆరు, ఏడు, ఎనిమిది కలిపి ఇరవై ఒక్క మంది పిల్లలు, ఒక మేష్టారు. 35కి ఒకరు అన్న నిబంధనని ఇంత గొప్పగా అమలు చేసిన బడి మండలంలో ఇంకోటి లేదు. ఆయన చింతచెట్టు కింద ఫోను పైకెత్తి నిలబడి ఉన్నారు. ముఖం చూపించి హాజరు వేసుకోవాలంటే సిగ్నల్ అక్కడే దొరుకుతుంది. ముఖం కుదిరింది, నెట్టు కుదరలేదు. పావుగంట తర్వాత ఆయన ఆయనేనని యాప్ ఒప్పుకుంది.

లోపలికి వెళ్ళి ఒక పిల్లని పుస్తకంలో నాకు తోచిన పేజీ తీసి చదవమన్నాను. చదివింది. తడుముకోకుండా, ఒత్తులు మింగకుండా. అర్థం కూడా చెప్పింది. ఇది నా నివేదికలో ఎక్కడ రాయాలో తెలియలేదు. నేను తయారు చేసుకున్న పట్టికలో రంగులు, బెంచీలు, ప్రహరీ గోడ, గుడ్డు సైజు ఉన్నాయి కానీ ఈ గడి లేదు. "ఎలా సాధ్యమైంది మేష్టారూ?" అని అడిగితే, "బస్సు లేదు కదండీ, ఊళ్ళోనే గది తీసుకుని ఉంటున్నా. సాయంత్రం ఏం తోచక వీళ్ళని కూర్చోబెడతా" అన్నారు.

అప్పుడు తెలిసింది, నేనింత శ్రమపడి చేస్తున్న పోలిక ప్రభుత్వం ఎప్పుడో చేసేసిందని. టీచర్ల బదిలీల కోసం బళ్ళని నాలుగు కేటగిరీలు చేశారు. పట్నం లెక్కన ఇంటద్దె అలవెన్సు వచ్చేవి ఒకటో కేటగిరీ. రోడ్డూ బస్సూ లేనివి నాలుగో కేటగిరీ. ఒకటిలో పనిచేస్తే ఏడాదికి ఒక పాయింటు, నాలుగులో ఐదు; పాయింట్లు ఎక్కువున్నవాళ్ళు బదిలీకి ముందుగా ఊరు కోరుకోవచ్చు. ఫలానా చోట ఉండటం ఎంత కష్టమో సర్కారు అంకెల్లో ఒప్పుకున్న కాగితం అదొక్కటే. మేష్టారికి ఎనిమిదేళ్ళు నిండాయి కాబట్టి నలభై పాయింట్లు, బదిలీ తప్పనిసరి. అదే బళ్ళో, అదే వాగు దాటి చదివే పిల్లలకి ఏడాదికి ఎన్ని పాయింట్లో కనుక్కుందామని మండల విద్యాశాఖ ఆఫీసుకి వెళ్ళి అడిగాను. గుమాస్తా గారు నన్ను ఎగాదిగా చూసి, ఏ యూనియన్ అని అడిగారు.

మధ్యలో ఒక ప్రైవేటు బడి పసుప్పచ్చ వ్యాను మమ్మల్ని దుమ్ములో ముంచి వెళ్ళింది. అందులో సర్కారు మేష్టర్ల పిల్లలు ఎందరున్నారో లెక్కపెట్టడం కమిటీ పరిధిలోకి రాదు.

రాత్రి మా చెల్లెలికి నివేదిక వినిపించాను. హైవే బళ్ళో హంగులు, రెండో బళ్ళో సాంబారు, మూడో బళ్ళో చదువు అన్నాను. వాగు సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు.

"ఆ మేష్టారు బదిలీకి ఏ ఊరు కోరుకుంటారన్నయ్యా?"

"నలభై పాయింట్లున్నాయి కదమ్మా, హైవే పక్కకే కోరుకుంటాడు."

"అయితే మనవాణ్ణి హైవే బళ్ళో వేసేద్దాం. ఆయనే వస్తాడు."