ఊరికి బోర్లు చాలు, చెరువుకు డబ్బు పంపుదాం

సొంతూరికి ఏదైనా చేద్దామని ఇక్కడ అమెరికాలో ఉన్న మనవాళ్లు డబ్బు పోగు చేసిన ప్రతిసారీ మొదట వినిపించే మాట బోరు. తాగడానికి చుక్క లేని ఊళ్లో బోరు వేయక తప్పదు, నేనూ ఒప్పుకుంటా. కానీ అనంతపురం జిల్లాకు మనం పంపే డబ్బు బోర్ల దగ్గరే ఆగిపోవడం నాకు అస్సలు నచ్చడం లేదు.

నాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. అరిజోనాలో సివిల్ ఇంజినీరింగ్‌లో ఎమ్మెస్ చేస్తున్నా. బ్రిడ్జీల డిజైన్ నేర్చుకుందామని వచ్చాను గానీ, టూసాన్ నగరం చూశాక ధ్యాసంతా వాననీళ్ల మీదికి మళ్లింది. మా జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, టూసాన్‌లో పడేది అందులో సగమే. అయినా రోడ్డు మీద పారే నీళ్లు పక్కనున్న చెట్ల గుంటల్లోకి దిగేలా చాలాచోట్ల రోడ్డు అంచును కోసి దారి పెట్టారు. కొత్తగా కట్టే వాణిజ్య భవనాల్లో మొక్కలకు పోసే నీళ్లలో సగం వాననీళ్లే ఉండాలని 2010 నుంచి రూల్ ఉంది. అది చదివినప్పుడు నాకు బాధే ఎక్కువైంది, ఎందుకంటే ఈ విద్య మన సీమకు కొత్తది కాదు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించి, మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను రాతి మీద చెక్కించాడు. జలశాస్త్రం తెలిసినవాడు ఉండాలంటుంది ఆ శాసనం. కట్ట నుంచి నీళ్లు కారడం దోషమంటుంది. నీళ్లు కొంచెమై సాగుభూమి ఎక్కువ కావడం కూడా దోషమేనంటుంది, ఇప్పుడు మా జిల్లా మొత్తానికీ పట్టుకున్నది ఆ దోషమే.

మా కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు పైనున్న మెత్తటి పొరలో, రాతి పగుళ్లలో మాత్రమే నిలుస్తాయి. వెయ్యి అడుగులు దింపినా బోరు కొత్తగా నీళ్లు పుట్టించలేదు, ఆ పగుళ్లలో ఉన్నవాటినే లాగుతుంది, మీరు వేయించిన బోరులో నీళ్లు పడ్డ ఏడాదే పక్క చేను రైతు బోరు ఎండిపోవచ్చు, అతను మళ్లీ అప్పు చేసి ఇంకా లోతుకు వేస్తాడు. ఆ పొరను నింపేది చెరువు. చెరువు నిండితే దాని కింది బావులూ బోర్లూ కోలుకోవడం మా ఊళ్లలో పెద్దవాళ్లెవరినడిగినా చెబుతారు.

హంద్రీనీవా ఎత్తిపోతల పథకం వచ్చింది కదా అంటారు. మంచిదే, కానీ శ్రీశైలం నుంచి ఎత్తిపోసి తెచ్చిన కృష్ణా నీళ్లయినా ఊరి చెరువు దాకా రావాలంటే కాలువ ఉండాలి, అది కంపచెట్లతో మూసుకుపోయో, చేలల్లో కలిసిపోయో ఉంటే నీళ్లు ఎట్లా వస్తాయి?

అందుకే మన డబ్బు ముందు వంకలు, కాలువలు బాగు చేయడానికి పోవాలి. తర్వాత చేలకు నీళ్లు వదిలే తూము, చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే మరవ. పూడిక ఆ తర్వాతే. పూడిక మట్టి ఎర్రనేలలకు తోలుకుంటే తేమ నిలుస్తుంది కాబట్టి రైతులే ముందుకొస్తారు, అయితే కట్ట మొదట్లో మాత్రం తవ్వనివ్వకూడదు, కట్టకే ప్రమాదం. తూము ఎవరు ఎప్పుడు తిప్పాలో ఊరివాళ్లు కూర్చుని తేల్చుకుని సంతకాలు పెట్టాకే డబ్బు పంపాలని కూడా నేను పట్టుబడతాను, నీళ్లు వంతుల ప్రకారం వదిలే నీరుగంటి లేని చెరువు మీద ఎంత పోసినా వృథా.

పని జూన్ వానలకు ముందే అయిపోవాలి, అంటే ఫిబ్రవరికల్లా మనం నిర్ణయం తీసుకోవాలి. మా మండలంలోని చెరువుల లిస్టు, ఒక్కోదానికి నీళ్లు తెచ్చే వంకల మ్యాపు తయారు చేసి పెట్టాను. వచ్చే కమిటీ మీటింగులో పది నిమిషాలు ఇవ్వండి, చూపిస్తాను.