అవ్వ ఆదరణ కూడికలో అవ్వే లేదు

ఎవరికి కోపమొచ్చినా రానీ, చెప్పేస్తున్నా. మన క్రైస్తవుల ఆదరణ కూడికల్లో, అదే, మనిషి పోయాక ఇంట్లోవాళ్లను ఓదార్చడానికి పెట్టే ప్రార్థన కూడికల్లో, ఆ పోయిన మనిషి గురించి తప్ప మిగతావన్నీ మాట్లాడతారు. మా అవ్వ 94 ఏళ్లు బతికింది. తిరుపతిలో ఇంటి దగ్గర కూడిక పెడితే, మా చిన్నాన్న వెళ్లే చర్చి అయ్యగారొచ్చి గంటకు పైగా వాక్యం చెప్పి, అవ్వను ఒక్క మాటలో తేల్చేశారు. "ప్రార్థనాపరురాలు" అట. ఇంట్లోవాళ్ల సాక్ష్యానికి మిగిలింది మూడు నిమిషాలు. మైకు పట్టుకుని మా మేనత్త ఏడవడానికే అది సరిపోయింది. ఆపైన బిర్యానీ.

ప్రార్థనాపరురాలే, ఎవరు కాదన్నారు? తెల్లవారుజామున నాలుక్కే లేచేది. మోకాళ్లు పట్టేసినాక మంచం మీదే కూర్చుని పాత ఎల్ఐసీ డైరీ ముందేసుకునేది. దాన్నిండా పేర్లే. "పాలామె కూతురు – కాన్పు." "ఎదురింటి రెడ్డిగారు – షుగరు." "రెండో మనవడు – బ్యాక్‌లాగు." పని జరిగితే పక్కన తేదీ వేసి గీత కొట్టేది. జరక్కపోతే అప్పు వసూలుకొచ్చినామె మాదిరి దేవుణ్ణి నిలదీసేది. ఆ రెండో మనవణ్ణి నేనే. ఎన్ని పేజీలు నడిచానో అడక్కండి.

ఆ రోజు వాక్యం బైబిల్లో సామెతల గ్రంథం 31వ అధ్యాయం. గుణవతి అయిన స్త్రీ. యెహోవాయందు భయభక్తులు గల స్త్రీ అనే 30వ వచనాన్ని అయ్యగారు తిప్పి తిప్పి చదివారు. 16వ వచనం దగ్గర మాత్రం ఆగలేదు. ఆమె పొలం చూసుకుని కొనడం, తన సంపాదనతో ద్రాక్షతోట నాటించడం అక్కడే ఉంది. మా అవ్వ కొర్లగుంటలో స్థలం కొన్నది నర్సు జీతంతో, తన పేరు మీద. అయ్యగారు నిలబడి మాట్లాడింది ఆ ఇంటి మిద్దె మీదే!

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం తెలుసు కదా, 1915లో మొదలైన మిషన్ క్షయ ఆస్పత్రి. అవ్వ మొదట నర్సుగా చేసింది అక్కడే, 1950ల్లో. టీబీ మందు స్ట్రెప్టోమైసిన్ అప్పుడప్పుడే వాడకంలోకి వస్తోంది. అంతకుముందు టీబీకి వైద్యమంటే మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, కాదంటే ఆపరేషన్. సొంతవాళ్లే గడప తొక్కనివ్వని రోగులు కఫం ఉమ్మిన కప్పులు కడిగిందామె, ఇరవై చిల్లర ఏళ్ల పిల్ల. "భయం వెయ్యలేదా అవ్వా?" అని అడిగితే, "భయపడితే జీతం ఎవురిస్తార్రా?" అంది. కూడికలో ఆరోగ్యవరం అన్న పేరే రాలేదు.

ఇంకోటి. ఆమెకు ఎనభై దాటినాక ఇదే అయ్యగారు ఇంటికొచ్చి, "చిన్నప్పుడు నీళ్లు చల్లింది చెల్లదమ్మా, ముంచితేనే బాప్తిస్మం" అన్నారు. అవ్వకు బాప్తిస్మం ఇచ్చింది చిత్తూరులో, ఆర్కాటు మిషన్ గుళ్లో. 1947లో సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడేనాటికే ఆమెకు పదిహేడేళ్లు. కాఫీ చేతికిచ్చి, "బాప్తిస్మం ఒక్కటేనని గుళ్లో చదివే నైసియా విశ్వాస ప్రమాణంలో చెప్తున్నాం గదా అయ్యగారూ, చక్కెర సరిపోయిందా?" అంది. అంతే, మళ్లీ ఆ ఊసెత్తలేదాయన.

ఎదురింటివాళ్లు కొండకెళ్లొస్తే లడ్డు తెచ్చిచ్చేవాళ్లు. అవ్వ తినేది కాదు, ఆ విషయంలో గట్టి మనిషి. కానీ రెండు చేతులా తీసుకుని పాలామె పిల్లలకిచ్చేది. ఒకసారి మా చిన్నాన్న గుమ్మంలోనే "మేం తినం" అని పంపించేశాడని వారం రోజులు వాడితో మాట్లాడలేదు. క్రిస్మస్‌కు మొదటి పళ్లెం కజ్జికాయలు వెళ్లేది కూడా ఆ ఎదురింటికే.

దేవత అని చెప్పట్లేదు. కోడళ్లను బాగానే ఏడిపించింది, మా అమ్మనడగండి. అది కూడా ఆమే కదా. ఆ ఒక్క మాట కింద అదీ కప్పబడిపోయింది.

ఏడాది కూడికకు మాత్రం ఇంట్లో అందరం ఒప్పందానికొచ్చాం. వాక్యం పది నిమిషాలు. మైకు ముందు పాలామెకి, తర్వాత రెడ్డిగారికి, ఆపైన మా అమ్మకి. చిన్నాన్న మొహం ముడుచుకున్నాడు, చూద్దాం. 1950ల్లో ఆరోగ్యవరంలో పనిచేసినవాళ్ల ఇళ్లలో నర్సుల గ్రూపు ఫొటోలేమైనా ఉంటే ఇన్‌బాక్స్‌లో పెట్టండి. యూనిఫాంలో అవ్వ ఫొటో మా దగ్గర ఒక్కటీ లేదు. మొన్న ఫ్లెక్సీకి ఆధార్ కార్డు ఫొటో ఇచ్చుకున్నాం.