స్టాక్‌హోంలో "ఎవరూ అడగరు" అన్న మాట నమ్మి వెళ్లకండి

వేసవి దగ్గరపడితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఈ సందేశం మళ్లీ తిరుగుతుంది: "స్టాక్‌హోంలో అంతా నమ్మకం మీదే నడుస్తుంది. ఎక్కడైనా టెంట్ వేసుకోవచ్చు, మెట్రోలో టికెట్ అడగరు, పార్కులో బీరు తాగొచ్చు, స్కూటర్ ఎక్కడైనా వదిలేయొచ్చు. క్రోనార్ నోట్లు మాత్రం మార్చుకెళ్లండి. నెయ్యి, కరివేపాకు ఎంతైనా తీసుకెళ్లొచ్చు." వీటిలో కొన్నింటికి మూలంలో కాస్త నిజం ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు ఇది చదివి చిక్కుల్లో పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాం.

ముందు టెంట్ సంగతి. స్వీడన్‌లో అల్లెమాన్స్‌రెట్టెన్ అనే హక్కు ఉంది. అడవుల్లో, కొండల్లో, నీటి ఒడ్డున ఎవరైనా తిరగొచ్చు. 1994 నుంచి రాజ్యాంగంలోనూ దాని ప్రస్తావన ఉంది. పల్లెపట్టున, ఇళ్లకు దూరంగా, ఒక రాత్రి టెంట్ వేసుకుంటే సాధారణంగా ఎవరూ కాదనరు. బ్లూబెర్రీలు, పుట్టగొడుగులు కోసుకోవచ్చు. అయితే ఈ హక్కు వెంటే ఒక షరతు ఉంది: ఎవరినీ ఇబ్బంది పెట్టొద్దు, దేన్నీ పాడుచేయొద్దు. పైగా స్టాక్‌హోం నగరానికి సొంత నిబంధనలున్నాయి. వాటి ప్రకారం పార్కుల్లో, బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా టెంట్ వేయకూడదు. నగరంలోనే ఉన్న యూర్గోర్డెన్ పార్కు చూడ్డానికి అడవిలాగే ఉంటుంది, అక్కడా కుదరదు. ప్రకృతి సంరక్షణ ప్రాంతాల నియమాలు వేరేగా ఉంటాయి, దారి మొదట్లో ఉన్న బోర్డు చదివాకే లోపలికి వెళ్లండి. ఎక్కువమంది చేసే తప్పు మరొకటుంది: బండరాయి మీద మంట వేయడం. మట్టికి అంటుకోదు కదా, రాయే నయం అనుకుంటారు. కానీ వేడికి రాయి పగులుతుంది, ఆ పగులు ఇక మానదు. అందుకే రాతి మీద మంట నిషేధం. ఎండలు ముదిరితే మొత్తంగానే నిప్పు నిషేధిస్తారు.

"మెట్రోలో టికెట్ అడగరు." అడుగుతారు. రైల్లోనూ, బస్సులోనూ తనిఖీ సిబ్బంది ఎక్కుతారు. సరైన టికెట్ లేకపోతే 1,500 క్రోనార్ అదనపు రుసుము, దాని మీద టికెట్ ధర. చాలామంది దొరికిపోయేది ఎగ్గొట్టాలని కాదు, తెలియక. బ్యాంకు కార్డును గేటు దగ్గర ఆనిస్తే 75 నిమిషాల టికెట్ పడుతుంది, కానీ ఒక కార్డు మీద ఒక్కరికే. భార్యాభర్తలిద్దరికీ చెరో కార్డు ఉండాలి. ఆనించిన కార్డునే తనిఖీలో చూపాలి. 65 దాటినవాళ్లకు తక్కువ ధర టికెట్ ఉంది, అది కార్డు ఆనిస్తే రాదు, నగర రవాణా సంస్థ ఎస్‌ఎల్ యాప్‌లో కొనుక్కోవాలి. బస్సులో నగదు తీసుకోరు. అర్లాండా విమానాశ్రయ స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కాలన్నా, దిగాలన్నా టికెట్ కాక విడిగా రుసుము ఉంది. అది తప్పించుకోవాలంటే 583 నంబరు బస్సులో మార్ష్టా వెళ్లి, అక్కడ లోకల్ రైలు ఎక్కితే మామూలు ఎస్‌ఎల్ టికెట్ చాలు. తెలుగువాళ్లు ఎక్కువగా వెళ్లే కిస్టా అనే ప్రాంతాన్ని అక్కడివాళ్లు "షీస్తా" అంటారు, దారి అడిగేటప్పుడు గుర్తుంచుకోండి.

"క్రోనార్ నోట్లు మార్చుకెళ్లండి." ఇది పూర్తిగా తిరగేసిన సలహా. చాలా దుకాణాల్లో "నగదు తీసుకోం" అని బోర్డు పెట్టారు. కార్డు చాలు. ఫోన్‌లో డబ్బు చెల్లించే స్విష్ యాప్ మీద ఆశ పెట్టుకోకండి, దానికి స్వీడిష్ బ్యాంకు ఖాతా కావాలి. బంధువులు దాచి ఇచ్చిన పాత నోట్లుంటే బొమ్మ చూడండి. 100 నోటు మీద గ్రేటా గార్బో ఉంటే చెల్లుతుంది. లిన్నేయస్ ఉంటే దాని గడువు 2017 జూన్ 30తోనే ముగిసింది. 20 నోటు మీద ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ ఉండాలి.

బీరు విషయానికొస్తే, సూపర్‌మార్కెట్లో దొరికేది 3.5 శాతం లోపుదే. అంతకు మించినది, వైన్, విస్కీ కావాలంటే ప్రభుత్వ దుకాణం సిస్టెంబొలాగెట్‌కే వెళ్లాలి. అక్కడ కొనడానికి 20 ఏళ్లు నిండాలి. శనివారం మధ్యాహ్నం 3కే మూసేస్తారు, ఆదివారం తెరవరు. నగరంలో చాలా చోట్ల బయట మద్యం తాగడం నిషేధం, పోలీసులు సీసా తీసుకుని అక్కడే ఒంపేయగలరు. గంజాయి సంగతి ఇంకా తీవ్రం. స్వీడన్‌లో దగ్గర ఉంచుకోవడమే కాదు, వాడటం కూడా నేరం. అనుమానం వస్తే రక్త, మూత్ర పరీక్ష చేయించే అధికారం పోలీసులకుంది.

ఎలక్ట్రిక్ స్కూటర్‌ను కాలిబాట మీద నడపడం, నిలపడం రెండూ 2022 సెప్టెంబర్ 1 నుంచి నిషేధం. గుర్తు గీసిన చోటే నిలపాలి. నడిచేవాళ్లు కూడా సైకిల్ దారిలోకి వెళ్లకూడదు. ఫొటో కోసం అందులో ఆగితే వెనక నుంచి గంట మోగుతుంది, అది పలకరింపు కాదు, తప్పుకోమని.

"నెయ్యి, కరివేపాకు ఎంతైనా." యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం సామానులో తేకూడదు. అంటే నెయ్యి, పనీర్, నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి వంటివన్నీ వదిలేయాల్సిందే. పచ్చి కరివేపాకుకు, మామిడిపళ్లకు 2019 డిసెంబర్ నుంచి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కొబ్బరి, అరటి, ఖర్జూరం, అనాస వంటి కొద్దింటికే మినహాయింపు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, కరివేపాకు పొడి తీసుకెళ్లొచ్చు. నూనె కారకుండా గట్టిగా సీలు వేయించండి. నెయ్యి స్టాక్‌హోంలోని భారతీయ దుకాణాల్లో దొరుకుతుంది.