నలభై ఏళ్లకి గుండెలో చిల్లు బయటపడితే అది మోసమేం కాదు

"పుట్టుకతో వచ్చిన గుండె జబ్బైతే చిన్నప్పుడే తెలియాలి. నలభై ఏళ్లకి చిల్లుందన్నారంటే డబ్బులు గుంజడానికే. ఈసీజీ బాగుంటే గుండె బాగున్నట్టే. ఇన్నాళ్లు ఏం కానిది ఇకమీదటా కాదు." శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఈ మెసేజ్ నమ్మి ఎవరైనా పరీక్ష మానేస్తారేమోనని నా భయం.

చిన్నప్పుడే తెలియాలనడం తప్పు. గుండె పైగదుల మధ్య గోడకి చిల్లుంటే ఏఎస్‌డీ అంటారు. పుట్టిన కొత్తలో కుడివైపు గది బిరుసుగా ఉంటుంది కాబట్టి చిల్లులోంచి రక్తం పెద్దగా పారదు, స్టెతస్కోపుకి చప్పుడు అందదు. బిడ్డ ఎదుగుతుంది, బడికెళ్తుంది. ఏళ్ల తరబడి అదనపు రక్తం పారి కుడి గదులు సాగిపోయాక ఆయాసం, దడ మొదలవుతాయి. ఊడుపుల్లో ఆయాసపడి గట్టుమీద కూలబడిన ఆడమనిషికి "రక్తం తక్కువ" అని ఐరన్ మాత్రలిచ్చి పంపేస్తారు. కొందరికి కడుపుతో ఉన్నప్పుడే మొదటిసారి బయటపడుతుంది. పిల్లల్ని పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చిందే 2013లో. నేటి నలభై ఏళ్లవాళ్లకి చిన్నప్పుడు ఆ పరీక్ష ఎక్కడిది?

పెద్దయ్యాక బయటపడే పుట్టు లోపం ఇంకోటుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో కుర్రాడికి బీపీ అంటే ముందు కిడ్నీనే అనుమానిస్తాం, అది సబబే. కిడ్నీ పరీక్షలు బాగున్నా బీపీ దిగకపోతే మాత్రం కాలి బీపీ కూడా చూపించండి. గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళం, అంటే బృహద్ధమని, పుట్టుకతోనే ఒకచోట ఇరుగ్గా ఉంటే చేతిలో బీపీ ఎక్కువ, కాలిలో తక్కువ ఉంటుంది. డాక్టర్ మణికట్టు దగ్గర, గజ్జల్లో నాడి ఒకేసారి పట్టుకుంటే గజ్జల్లోది నీరసంగా, ఆలస్యంగా తగులుతుంది. దానికి ఏ మిషనూ అక్కర్లేదు.

డబ్బు సంగతంటారా, చిన్న చిల్లులు చాలావాటికి ఏమీ చేయక్కర్లేదు. అనుమానముంటే ఎకో (గుండె స్కాన్) రిపోర్టు పట్టుకెళ్లి ఇంకో గుండె డాక్టర్ని అడగండి. విశాఖలో ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లోనూ చూస్తారు. మూయాల్సినవాటిలోనూ చాలావరకు ఛాతీ కోయకుండా, తొడ దగ్గరి సిర గుండా పరికరం పంపి మూసేస్తారు.

ఈసీజీ చూపేది గుండెలో కరెంటు నడక. మూడు రేకులుండాల్సిన బృహద్ధమని కవాటం (వాల్వు) నూటికి ఒకరిద్దరికి రెండు రేకులతోనే ఉంటుంది. అలాంటివాళ్ల ఈసీజీ మామూలుగానే ఉండొచ్చు. దాన్ని చూపించేది టూడీ ఎకో.

"ఇన్నాళ్లు ఏం కాలేదు" అన్న మాట అన్నిటికంటే ప్రమాదం. పెద్ద చిల్లు వదిలేస్తే కొందరిలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి రక్తం వెనక్కి మళ్లుతుంది, పెదాలు నీలం తిరుగుతాయి. ఆ దశలో చిల్లు మూయడం కుదరదు, మూస్తే ప్రాణానికే ముప్పు.